ఏజెన్సీ పీహెచ్‌సీకి వెళ్తున్న డాక్టరమ్మకు

అమ్మా,

పోస్టింగ్ ఏజెన్సీలో వచ్చిందనీ, పిల్లల మానసిక వైద్యం అక్కడ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. సైకియాట్రిస్టు జిల్లా కేంద్రంలో ఉంటారు. నీ చేతిలో ఉండేది ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు. వాళ్లతోనే చెయ్యాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నీ పరిధిలో ఆ వయసు వాళ్లు రెండు వేల మంది ఉంటే 146 మంది అన్నమాట. వాళ్లలో ఒక్కరూ ఓపీకి వచ్చి మనసు బాగాలేదని చెప్పరు. కడుపునొప్పి, తలనొప్పి, గాలి సోకింది, బడికి పోనంటున్నాడు అని వస్తారు. పిల్ల మెడలో తాయెత్తు ఉంటే దాని జోలికి పోకు. దాన్ని తీయమన్న రోజే ఆ తల్లి నీ దగ్గరికి రావడం మానేస్తుంది.

2-9 ఏళ్ల పిల్లలకి పేద దేశాల కోసమే తయారైన పది ప్రశ్నల పట్టిక వాడు. నడక, కూర్చోవడం ఆలస్యమైందా, చెప్పిన మాట అర్థమవుతుందా, ఫిట్స్ వచ్చాయా, ఇలా తల్లినే అడగాలి. ఒక్కదానికి తేడా జవాబొచ్చినా నువ్వు చూడాలి. కిటుకంతా "తోటి పిల్లలతో పోలిస్తే" అన్న మాటలో ఉంది. ఏఎన్ఎం హడావిడిలో ఆ మాట మింగేసి చదివితే అందరూ "బాగానే ఉన్నాడు" అంటారు. తల్లికి గోండి తప్ప తెలుగు రాకపోతే పిల్లాడి అక్కనో అన్ననో మధ్యలో పెట్టకు, ఆ గూడెం ఆశాని పిలువు. ఈ పట్టికకి ఇంకో లోపముంది. పెద్ద సమస్యల్ని పట్టుకుంటుంది గానీ, ఇంట్లో ఎవరూ గమనించని చెవుడు, చూపు తగ్గడం దాటిపోతాయి. అందుకే "మొద్దు" అని బడి నుంచి పంపిన ప్రతి పిల్లాడి వెనక చేయి చాపినంత దూరంలో నిలబడి, ఒక చెవి మూయించి, గుసగుసగా రెండంకెలు చెప్పి తిరిగి చెప్పమను. చెవిలోంచి చీము కారే పిల్లల్లో ఎంతమంది మొద్దులు కారో అక్కడే తేలుతుంది.

తర్వాతది "పాఠం మధ్యలో ఎటో చూస్తుంటాడు" అన్న ఫిర్యాదు. అశ్రద్ధా, మూర్ఛా? కాగితం ముక్క జానెడు దూరంలో పట్టుకుని, అది ఆడుతూ ఉండేలా మూడు నిమిషాలు గట్టిగా ఊదమను. అబ్సెన్స్ మూర్ఛ ఉన్న పిల్లాడు చాలాసార్లు మధ్యలోనే ఊదడం ఆపి, కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడతాడు. సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు), ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఈ పరీక్ష చెయ్యకు. నీ ప్రాంతంలో సికిల్ సెల్ సంగతి ముందే అడగాలి. మూర్ఛే కదా అని కార్బమజెపీన్ రాసేవు సుమా! ఈ రకం దానితో పెరుగుతుంది. వాల్‌ప్రోయేట్ దీనికి పనిచేస్తుంది గానీ, ఈడొచ్చిన ఆడపిల్లలకి నీ అంతట నువ్వు మొదలుపెట్టకు, గర్భంలో బిడ్డకు ప్రమాదం.

బెంగకీ భయానికీ చిన్నపిల్లలకి నిద్రమాత్ర రాయొద్దు. టానిక్ కూడా అంతే, తల్లి అడిగినా సరే. రోజూ ఒకే వేళకి నిద్ర, బడికి తిరిగి పంపడం, కొట్టకుండా చెప్పడం, ఈ మూడూ తల్లిదండ్రులిద్దరికీ చెప్పాలి. తండ్రి రాని ఇంట్లో సగమే అమలవుతుంది.

పెద్దపిల్లలతో మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్లని బయట కూర్చోబెట్టు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడుగు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఎలా, దేనితో అనీ అడగాలి. పత్తి పండించే ఇంట్లో జవాబు పురుగుమందు డబ్బానే. ఆ డబ్బా ఆ రోజే ఇల్లు దాటాలి, తాళం పెట్టినా ఇంట్లో ఉండకూడదు. ఇంటర్ ఫలితాలొచ్చే వారంలో ఈ మాట ప్రతి ఆశాకీ మళ్లీ గుర్తుచెయ్యి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రయత్నం చేసి బతికిన పిల్లని కేసవుతుందని దాచే కుటుంబానికి 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ గురించి చెప్పు. తీవ్ర ఒత్తిడిలో చేసిన పనిగానే చట్టం చూస్తుంది, శిక్షించదు. ఒక్కటి మాత్రం పిల్లలకి మాటివ్వకు: "ఎవరికీ చెప్పను" అని. లైంగిక వేధింపు బయటపడితే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం నువ్వు తెలియజేసి తీరాలి.

ఇక ఎక్కువగా దెబ్బతినేది రెండో రాక దగ్గర. మొదటిసారి అందరూ వస్తారు. రెండోసారి రావాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. మహాలక్ష్మి పథకంతో తనకి బస్సు ఉచితమే, కొడుక్కి టికెట్ తీయాలి. అందుకని తేదీ సంత రోజున వెయ్యి, ఎలాగూ వస్తుంది. ముప్ఫై రోజులకి మందిస్తే ఇరవై అయిదో రోజుకి రమ్మను. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికొస్తుంది. గీతల నోట్‌బుక్కులో పేరు, గూడెం, తల్లి చెప్పిన మాట తల్లి మాటల్లోనే, మందు, రావాల్సిన తేదీ, వచ్చిన తేదీ రాయి. ఆ చివరి గడి మూడు రోజులు ఖాళీగా ఉంటే నాలుగో రోజు ఆశా ఆ ఇంటికి వెళ్లాలి. రిజిస్టరు కంప్యూటర్లో ఉందిగా అంటారు. ఉండనీ, నోట్‌బుక్ మాత్రం నీ బల్ల మీదే ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు