గట్టిగా నిలబడ్డ కాలమ్ మీదే భారం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

బీమ్ కుంగుతోందని స్టీలు గ్రేడు పెంచానని రాశావు. కొత్తలో నేనూ అదే చేసి చీవాట్లు తిన్నాను. ఏ గ్రేడు కడ్డీకైనా యంగ్స్ మాడ్యులస్, అంటే సాగకుండా ఎదిరించే గుణం, దాదాపు 200 గిగాపాస్కల్సే. గ్రేడు పెరిగితే బీమ్ ఎక్కువ బరువు మోస్తుంది, అంతే, వంగడం తగ్గదు. పైగా గ్రేడు పెంచాం కదా అని కడ్డీలు తగ్గించావంటే ఇంకా కుంగుతుంది. బలం వేరు, స్టిఫ్‌నెస్ వేరు. లోతు 450 నుంచి 600 మి.మీ.కి పెంచి చూడు, ఐ విలువ, అంటే అడ్డుకోత (సెక్షన్) ఆకారం వంగడాన్ని ఎంత ఆపుతుందో చెప్పే కొలత, రెండింతలు దాటుతుంది.

రిజిడిటీ, స్టిఫ్‌నెస్ ఒకటేనా అని అడిగావు. యంగ్స్ మాడ్యులస్ (ఈ)ని ఐతో గుణించి ఈఐ అంటామే, అది రిజిడిటీ. అందులో మెటీరియల్, సెక్షన్ ఆకారం తప్ప ఇంకేం లేవు. పొడవు, చివర్లు ఎలా బిగిశాయన్నది కూడా కలిస్తే స్టిఫ్‌నెస్. రెండు చివర్లూ తిరగకుండా బిగిసిన కాలమ్‌కి అది 12 ఈఐ బై ఎల్ క్యూబ్ (ఎల్ అంటే పొడవు). పైచివర స్వేచ్ఛగా ఉంటే 3 ఈఐ బై ఎల్ క్యూబే.

ఆ క్యూబ్ దగ్గర కాస్త ఆగు. నా మొదటి డిజైన్లలో ఒకదానిలో కాలమ్‌ల మధ్య కిటికీ అంచు దాకా ఇటుక గోడ ఉంది. మోడల్‌లో గోడ బరువు ఇచ్చి ఊరుకున్నాను. 3 మీటర్ల కాలమ్‌ని సగం ఎత్తు వరకూ గోడ పట్టేస్తే, వంగడానికి మిగిలేది మీటరున్నర. పొడవు సగం, స్టిఫ్‌నెస్ 8 రెట్లు! భూకంపంలో స్లాబ్ ఆ వరస కాలమ్‌లన్నింటినీ ఒకేలా జరుపుతుంది. గోడ పట్టని పక్క కాలమ్ ఒక టన్ను తీసుకుంటే ఇది 8 టన్నులు లాగేసుకుంటుంది. మనం దాన్ని ఒక టన్నుకే డిజైన్ చేసి ఉంటాం. భూకంపం ఫొటోల్లో కిటికీ పక్క కాలమ్‌ల మీద ఇంటూ గుర్తులా పగుళ్లు కనిపిస్తాయి చూడు, చాలావరకు దీనివల్లే. నా డ్రాయింగ్‌లో ఆ తప్పుని మా సీనియర్ పట్టుకుని, గోడకీ కాలమ్‌కీ మధ్య సందు వదిలించాడు.

కాంక్రీటు పగులుతుంది కాబట్టి పూర్తి సెక్షన్ ఐ వాడొద్దు, తగ్గించి వాడు. ఎంతన్నది డిజైన్ నియమాల కోడ్‌లో ఉంటుంది.

అన్నట్టు, లిఫ్ట్ గోడలన్నీ ఒక మూలకే పెట్టావు. సెంటర్ ఆఫ్ మాస్‌కీ (బరువు కేంద్రం) సెంటర్ ఆఫ్ రిజిడిటీకీ (గోడలు, కాలమ్‌ల స్టిఫ్‌నెస్ కేంద్రం) ఎంత దూరం వచ్చిందో చేత్తో లెక్క కట్టి పంపు. బిల్డింగు ఎంత మెలి తిరుగుతుందో అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య