పాఠకుల ప్రశ్నలు: ఫైర్‌వాల్‌లోకి వెళ్లిన ప్యాకెట్ ఏమైంది?

ప్రశ్న: సర్వీస్ చైనింగ్ (ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్ లాంటి సేవల గుండా వరసగా నడిపించడం) ప్రయోగం కోసం 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్) వేశాను. క్లయింట్ (10.0.0.10), ఫైర్‌వాల్, సర్వర్ (10.0.0.20) మూడూ వర్చువల్ మెషీన్లే, ఒకే బ్రిడ్జి మీద ఉన్నాయి. ప్యాకెట్ ఫైర్‌వాల్‌లోకి వస్తున్నట్టు టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే ప్రోగ్రామ్) చూపిస్తోంది, బయటికి మాత్రం రావడం లేదు. ఐపీ ఫార్వర్డింగ్ 1లోనే (ఆన్‌లోనే) ఉంది. ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్ రూల్స్) ఖాళీ. ఎక్కడ పోతోంది?
- ఎం.టెక్. విద్యార్థి, కాకినాడ

జవాబు: మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు చిరునామా) దగ్గర పోతోంది. క్లయింట్, సర్వర్ ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయి కాబట్టి క్లయింట్ పంపే ఫ్రేమ్ మీద సర్వర్ మ్యాకే ఉంటుంది. మీ ఫ్లో రూల్ (ఏ ప్యాకెట్‌ను ఎటు పంపాలో స్విచ్‌కు చెప్పేది) దాన్ని ఫైర్‌వాల్ పోర్టుకు మళ్లించినా, మ్యాక్ తనది కాదు గనుక లైనక్స్ కెర్నెల్ చప్పుడు లేకుండా పారేస్తుంది. ఐపీటేబుల్స్ దాకా రానే రాదు. టీసీపీడంప్ ప్రామిస్క్యువస్ మోడ్‌లో (తనది కాని ఫ్రేమ్‌లనూ తీసుకుంటూ) వింటుంది గనుక దానికి కనబడుతుంది, అంతే.

రూల్‌లో అవుట్‌పుట్‌కు ముందు, గమ్యం మ్యాక్‌ను ఫైర్‌వాల్ లోపలి కార్డు (క్లయింట్ వైపుది) మ్యాక్‌గా మార్చండి. తిరుగుదారిలో బయటి కార్డుది (సర్వర్ వైపుది) పెట్టండి. ఫైర్‌వాల్‌లో 10.0.0.10/32కు లోపలి కార్డు మీదుగా, 10.0.0.20/32కు బయటి కార్డు మీదుగా రూట్లు వేయండి. ఇవి లేకుండా రివర్స్ పాత్ ఫిల్టర్ (పంపినవారికి తిరుగు రూట్ కూడా ప్యాకెట్ వచ్చిన కార్డు మీదే ఉందా అని చూసే తనిఖీ) 1లో ఉంటే జవాబు ప్యాకెట్లు అక్కడ పోతాయి. ఏఆర్‌పీకి (ఐపీకి మ్యాక్ ఏదో అడిగి తెలుసుకునే పద్ధతి) నార్మల్ చర్య, అంటే మామూలు స్విచ్‌లా పంపడం, చాలు. కానీ ఫైర్‌వాల్‌ను రూటర్‌లా కాక పారదర్శక బ్రిడ్జిలా పెడితే అదే నార్మల్ కొంప ముంచుతుంది: బ్రాడ్‌కాస్ట్ ఒక కార్డులో దూరి రెండో కార్డులోంచి మళ్లీ అదే స్విచ్‌కు వచ్చి తిరుగుతూనే ఉంటుంది.

పింగ్ వెళ్లిందని సంబరపడకండి. తిరుగుదారిని చైన్‌లో పెట్టడం మరిచినా పింగ్ పనిచేస్తుంది. స్టేట్‌ఫుల్ రూల్స్ (కనెక్షన్ ఏ దశలో ఉందో గుర్తుంచుకునేవి) పెట్టాక టీసీపీ ఆగుతుంది: కనెక్షన్ మొదట్లో సర్వర్ ఇచ్చే జవాబు, సిన్-యాక్, తన కంట పడలేదు కాబట్టి ఫైర్‌వాల్ తర్వాతి యాక్‌ను చెల్లనిదిగా లెక్కిస్తుంది.

అన్నట్టు, ఈ మాత్రానికి మూడు వర్చువల్ మెషీన్లు దండగ. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే లైనక్స్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు), వాటిని కలిపే వర్చువల్ కేబుళ్ల లాంటి వీఈత్ జతలు చాలు.

ప్రశ్న: రెండు యంత్రాల మధ్య వీఎక్స్‌లాన్-జీపీఈ (ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి పంపే టన్నెల్) మీద ఎన్‌ఎస్‌హెచ్ (సర్వీస్ చైన్‌లో దారి చెప్పే హెడర్) పెట్టాను. లాగిన్ అవుతోంది, పెద్ద ఫైలు పంపితే స్తంభిస్తోంది.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు లింకు అనుమతించే గరిష్ఠ సైజు) సరిపోవడం లేదు. చుట్టినప్పుడు చేరే హెడర్లు: బయటి ఐపీకి 20, యూడీపీకి 8, వీఎక్స్‌లాన్‌కు 8, ఎండీ టైప్ 1 (స్థిర పొడవు రకం) ఎన్‌ఎస్‌హెచ్‌కు 24, లోపలి ఈథర్నెట్‌కు 14, కలిపి 74 బైట్లు. 1500లోంచి తీసేస్తే 1426. చివరి యంత్రాల్లో 1400 పెట్టండి, లేదా మధ్య లింకును 1600కు పెంచండి.