మధ్య బర్నర్ మొరాయిస్తే...

ప్రశ్న: మా అబ్బాయి మూడు బర్నర్ల గ్యాస్ గ్రిల్ కొనిపెట్టాడు. సంక్రాంతికి డాబా మీద చికెన్, చేపలు బాగానే కాల్చుకున్నాం. తర్వాత కవరు కప్పి ఉంచేశాం. వానలు తగ్గాక మొన్న తీస్తే అటూ ఇటూ ఉన్న రెండు బర్నర్లూ నీలంగా మండుతున్నాయి గానీ మధ్యది వెలగడం లేదు. బటన్ నొక్కితే టక్ టక్‌మంటోంది. పొడుగాటి లైటర్‌తో అంటిస్తే కాసేపు పసుపు మంట వచ్చి, నాబ్ దగ్గర బుస్సుమని ఆరిపోయింది. పక్కింటాయన రెగ్యులేటర్ మార్చమంటున్నారు. కొన్నచోట అడిగితే బర్నర్ సెట్టే మార్చాలంటున్నారు. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ఇప్పుడప్పుడే ఏదీ కొనకండమ్మా. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. మూడు బర్నర్లకూ రెగ్యులేటర్ ఒక్కటే. అది పాడైతే మూడూ నీరసంగా మండాలి గానీ రెండు బాగుండి ఒకటే మొరాయించదు. పక్కింటాయన మంచికే చెప్పారు గానీ ఆ డబ్బులు దండగ.

లైటర్‌తో అంటించినప్పుడు చక్కగా మండి ఉంటే తప్పు బటన్‌ది అనేవాణ్ని. మీదలా మండలేదు. పసుపు మంట వచ్చిందంటే గ్యాస్‌లో గాలి సరిగా కలవలేదని. నాబ్ దగ్గర బుస్సుమందంటే ముందుకు దారి లేక గ్యాస్ వెనక్కి తన్ని అక్కడే అంటుకుందని. మధ్య బర్నర్ గొట్టంలో ఏదో అడ్డం పడింది. అది తీసేదాకా మళ్లీ అంటించకండి. వెనక్కి తన్నిన మంట నాబునీ కాలుస్తుంది, చేతినీ కాలుస్తుంది.

నా అనుమానం కందిరీగ మీద. విజయనగరంలో నా షాపుకి వానలు వెళ్లాక వచ్చే గ్రిల్స్‌ని విప్పితే గొట్టంలో సాలెగూడో, కందిరీగ కట్టిన మట్టిగూడో కనిపించడం మామూలే. ఆ మట్టి గొట్టానికి బిరడాలా పట్టేసి ఉంటుంది. విరగ్గొడితే లోపల కదలకుండా పడున్న సాలీళ్లు! కందిరీగ వాటిని కుట్టి, చంపకుండా తన పిల్లల తిండికి దాచుకుంటుంది. కవరు కప్పినా లాభం లేదు, కింద నుంచి దూరుతుంది.

విప్పడం కష్టమేం కాదు. సిలిండర్ నాబ్ కట్టేసి, రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌కి మూత పెట్టండి. గ్రిల్ పూర్తిగా చల్లారాక పైన జల్లీ, దాని కింది రేకులు తియ్యండి. బర్నర్ వెనక చివర ఒక స్క్రూ గానీ పిన్ను గానీ ఉంటుంది. అది తీసి, బర్నర్‌ని కాస్త ఎత్తి వెనక్కి లాగితే చేతికొచ్చేస్తుంది. ముందు వైపు గ్యాస్ చిమ్మే చిన్న ఇత్తడి ముక్క, అంటే జెట్, ఒక్కటే మిగులుతుంది.

గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూడండి. అడ్డం ఉంటే పాలసీసా బ్రష్షు దూర్చి తిప్పుతూ, బోర్లించి తట్టండి. మట్టి గట్టిపడితే కాసేపు నీళ్లలో నానబెట్టండి. పైన మంట వచ్చే కన్నాల్లో జిడ్డూ తుప్పూ పట్టి ఉంటే ఒక్కో కన్నాన్నీ కొబ్బరి ఈనెతో పొడవండి. ఉద్దానంలో ఈనెలకేం కరువు! జెట్ దగ్గర మాత్రం ఈనె, సూది, పిన్నీసు ఏవీ వద్దు. ఆ కన్నం ఏ కాస్త పెద్దదైనా గ్యాస్ ఎక్కువై, మంట పసుపెక్కి, మసి పడుతుంది. జెట్ విప్పి సబ్బునీళ్లలో కడిగి ఊదితే చాలు.

అన్నీ బాగా ఆరాక బిగించండి. చాలామంది తప్పేది ఇక్కడే. గొట్టం మూతి జెట్‌ని లోపలికి తీసుకోవాలి. పక్కన కూర్చుందంటే గ్యాస్ బర్నర్‌లోకి పోకుండా కిందికి దిగుతుంది. వంగి కళ్లతో చూడండి. తర్వాత రెగ్యులేటర్ పెట్టి, బర్నర్లన్నీ కట్టేసి ఉంచి, సిలిండర్ మాత్రం తెరిచి, జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాయండి. బుడగలు పొంగితే లీకున్నట్టే. అగ్గిపుల్లతో లీకు వెతికే పని మాత్రం చెయ్యకండి. గ్యాస్ వాసన ఆగకపోతే సిలిండర్ కట్టేసి, దూరం జరిగి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్యండి.

వెలిగించేటప్పుడు గ్రిల్ మూత తెరిచే ఉండాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, మూసిన గ్రిల్ అడుగున పేరుకుంటుంది. అంటుకోకపోతే వెంటనే కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

ఇంత చేశాక లైటర్‌కి మండి, బటన్‌కి మండకపోతే అప్పుడు నిప్పురవ్వ సంగతి చూడాలి. టక్ టక్ వినిపించినంత మాత్రాన రవ్వ పడుతున్నట్టు కాదు. సిలిండర్ కట్టేసి, చీకటి పడ్డాక నొక్కి చూడండి. బర్నర్ పక్కనుండే సన్న కడ్డీ కొస నుంచి రవ్వ బర్నర్ మీదికి దూకాలి. కడ్డీ చుట్టూ ఉన్న తెల్ల పింగాణీ పగిలి ఉంటే మధ్యలోనే పక్కకి పోతుంది. సముద్రపు గాలికి మీ వైపు కడ్డీ కొస తుప్పు పట్టడం మామూలే, ఉప్పు కాగితంతో రుద్దండి. బటన్ తిప్పి తీస్తే లోపల పెన్సిల్ సెల్ ఉండే రకమైతే అదీ మార్చండి.

ప్రశ్న: చికెన్ టిక్కా బండికి గ్రిల్ కొన్నాను. 19 కిలోల సిలిండర్ పెడితే మంట పైకెగిరి ఆరిపోతోంది. ఇంటి సిలిండర్‌కైతే బాగుంది.
— విజయనగరం పాఠకుడు

జవాబు: సిలిండర్ తప్పు కాదు, మీరు పెద్ద పొయ్యిలకి వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి ఉంటారు. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లే. గ్రిల్ వెనక రేకు మీద ఎంత ప్రెషర్‌కి తయారైందో రాసి ఉంటుంది, దానికి సరిపడే లోప్రెషర్ రెగ్యులేటర్‌ని మీ గ్యాస్ డీలర్ దగ్గరే అడగండి. బాగుంది కదా అని ఇంటి సిలిండర్‌తోనే బండి నడిపితే పట్టుబడతారు, వ్యాపారానికి దాన్ని వాడకూడదు.