చదివితే అర్థమవుతోంది, లెక్క దగ్గరే ఆగిపోతున్నా

ప్రశ్న: బ్యాంకులో క్రెడిట్ విభాగంలో పనిచేస్తున్నాను. ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ పరీక్ష) పార్ట్ 1 రాయబోతున్నాను. నాలుగు పుస్తకాలూ ఒకసారి పూర్తయ్యాయి. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, ప్రశ్నలు ముందు పెట్టుకుంటే చెయ్యి ఆడదు. ‘వ్యాల్యూ ఎట్ రిస్క్ సబ్‌ఎడిటివ్ కాదు’ అన్న వాక్యం నాకు కంఠతా వచ్చు, దాని మీద లెక్క ఇస్తే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మళ్లీ మొదటి నుంచి చదవమంటారా?

జవాబు: వద్దండి. రెండోసారి చదివితే ఇంకా బాగా తెలిసినట్టు అనిపిస్తుందే తప్ప లెక్క రాదు. ఇక మీదట రోజూ ముందు ప్రశ్నలతోనే కూర్చోండి, ఆగిపోయిన చోటు కోసం మాత్రమే పుస్తకం తెరవండి.

ఎక్కడ ఆగిపోయారో మీరే రాశారు కాబట్టి అదే చేసి చూద్దాం, కాగితం తీసుకోండి. వ్యాల్యూ ఎట్ రిస్క్, పొట్టిగా వార్, అంటే 95 శాతం సందర్భాల్లో నష్టం దాటని హద్దు అనుకోండి; సబ్‌ఎడిటివ్ అంటే కలిపిన రిస్క్ విడివిడి రిస్కుల మొత్తాన్ని దాటకపోవడం. రెండు బాండ్లున్నాయి, ఒక్కోటి మునిగిపోయే అవకాశం 4 శాతం, మునిగితే నష్టం 100, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. ఒక్క బాండే చూస్తే నష్టపోయే అవకాశం 4 శాతం, అంటే 5 కన్నా తక్కువ, కాబట్టి 95 శాతం దగ్గర దాని వార్ సున్నా. రెండోదానికీ సున్నాయే. ఇప్పుడు రెండూ కలిపి పెట్టుకోండి: రెండూ నిలబడే అవకాశం 0.96ని 0.96తో హెచ్చిస్తే 92.16 శాతం, అంటే కనీసం ఒకటి మునిగే అవకాశం 7.84 శాతం, అది 5 దాటింది కాబట్టి వార్ ఒక్కసారిగా 100 అయిపోయింది. సున్నా, సున్నా కలిస్తే వంద! రిస్క్ పంచితే తగ్గాల్సింది పోయి పెరిగినట్టు చూపిస్తోంది, అందుకే వార్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదంటారు.

ఇక్కడితో ఆపకండి, ఇదే లెక్కకి ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్, అంటే అతి చెడ్డ 5 శాతం సందర్భాల్లో సగటు నష్టం, కూడా తీయండి. ఒక్కో బాండుకి చివరి 5 శాతంలో 4 శాతం దగ్గర నష్టం 100, మిగతా 1 శాతం దగ్గర సున్నా, సగటు 80, అంటే విడివిడిగా కూడితే 160. కలిపి చూస్తే రెండూ మునిగే 0.16 శాతంలో నష్టం 200, మిగిలిన 4.84 శాతంలో 100, సగటు 103.2 వస్తుంది. 160 కన్నా తక్కువే కదా, అంటే ఈ కొలత పంచినందుకు తగ్గిన రిస్క్‌ని సరిగ్గానే చూపించింది. ఈ నాలుగు అంకెలూ మీ చేత్తో ఒకసారి వేస్తే ఆ వాక్యాన్ని బట్టీ పట్టే పనే ఉండదు, ప్రశ్న ఏ రూపంలో వచ్చినా దారి దొరుకుతుంది.

థియరీ అనిపించే పాఠాలూ ఇంతే. 1993లో జర్మన్ కంపెనీ మెటల్‌గెసెల్‌షాఫ్ట్ దెబ్బతిన్న కథ మీరు చదివే ఉంటారు. తేదీలూ నష్టం అంకెలూ గుర్తుపెట్టుకోవడం కాదు, డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో మీ మాటల్లో చెప్పగలగాలి: ఏళ్ల తరబడి స్థిర ధరకి ఆయిల్ ఇస్తామని ఒప్పుకున్నారు, దానికి హెడ్జ్‌గా, అంటే ధర పెరిగితే రక్షణగా, కొద్ది నెలల ఫ్యూచర్స్ (ముందే ధర ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) కొని గడువు తీరిన కొద్దీ కొత్తవాటిలోకి మారుతూ వచ్చారు, ఆయిల్ ధర పడిపోగానే ఫ్యూచర్స్ మీద మార్జిన్ డబ్బు (నష్టానికి పూచీగా కట్టేది) అప్పటికప్పుడు కట్టాల్సి వచ్చింది, ఒప్పందాల మీద రావాల్సిన లాభమేమో ఏళ్ల తర్వాత గానీ చేతికి రాదు. ఎవరికైనా పుస్తకం చూడకుండా ఇది చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే.

టైమ్ తక్కువుంటే ఎక్కడ పెట్టాలంటారా, పరీక్షలో ఫైనాన్షియల్ మార్కెట్స్ 30 శాతం, వాల్యుయేషన్ 30 శాతం, మిగతా రెండూ (ఫౌండేషన్స్, క్వాంట్స్ అనే క్వాంటిటేటివ్ అనాలిసిస్) చెరో 20. అలాగని క్వాంట్స్‌ని వదిలేయకండి, వాల్యుయేషన్ లెక్కలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ప్రశ్న: మాక్ టెస్టుల్లో సగం దాటేసరికి టెన్షన్ మొదలవుతోంది, చివరి ప్రశ్నలు చదవకుండానే ఏదో ఒకటి పెట్టేస్తున్నాను. ఏం చెయ్యాలి?

జవాబు: 4 గంటల్లో 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు. మూడు నిమిషాలైనా దారి కనిపించని ప్రశ్నని గుర్తు పెట్టుకుని వదిలేయండి, అలా వదలడం మాక్‌లోనే అలవాటు కావాలి. తప్పుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఖాళీగా మాత్రం దేన్నీ వదలకండి. మాక్‌ని ముక్కలు చేసి రాయడం వల్ల ఉపయోగం లేదు, ఫోన్ పక్కన పెట్టి నాలుగు గంటలూ ఒకే కూర్చోవడంలో రాయండి, పరీక్షలో వాడే కాలిక్యులేటర్‌తోనే.

కాలిక్యులేటర్ గురించి చాలామంది చివరిదాకా పట్టించుకోరు, నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే తెలిసిన లెక్కలే పోతాయి. మీది బీఏ 2 ప్లస్ అయితే 2 ప్లస్ 3 ఇంటూ 4 కొట్టి చూడండి. 20 వస్తే అది చైన్ పద్ధతిలో ఉంది, కొట్టిన వరసలోనే చేసుకుపోతోంది. ఫార్మాట్‌లోకి వెళ్లి ఏఓఎస్‌కి (హెచ్చవేత ముందు, కూడిక తర్వాత చేసే పద్ధతికి) మార్చండి, అప్పుడు 14 వస్తుంది. అక్కడే దశాంశ స్థానాలు కూడా పెంచుకోండి, రెండే కనిపిస్తుంటే 0.0016 లాంటి అంకె తెర మీద సున్నాగా కనిపిస్తుంది.

ప్రశ్న: పాస్ అవ్వాలంటే ఎన్ని మార్కులు రావాలి? రెండు పార్టులూ కలిపి రాసేయవచ్చా?

జవాబు: పాస్ మార్కు ఎంతో ఈ పరీక్ష పెట్టే సంస్థ గార్ప్ బయటపెట్టదు. పాసా ఫెయిలా అన్నది, ఏ సబ్జెక్టులో మీరు ఏ క్వార్టైల్‌లో (రాసినవాళ్లని నాలుగు భాగాలు చేస్తే ఏ పావులో) ఉన్నారన్నది చెబుతుందంతే. కాబట్టి ఒక అంకెని పట్టుకుని బలహీనమైన సబ్జెక్టుని వదిలేసే లెక్కలు వేసుకోకండి. రెండూ కలిపి రాయడం కుదురుతుంది, కానీ పార్ట్ 1 పోతే పార్ట్ 2 పేపర్ దిద్దనే దిద్దరు. ఉద్యోగం చేస్తున్నవాళ్లకి నేనైతే వద్దనే చెబుతాను. పార్ట్ 1 పాసయ్యాక రెండోదానికి నాలుగేళ్ల గడువుంది, సర్టిఫికెట్‌కి కావాల్సిన రెండేళ్ల అనుభవం మీరిప్పుడు చేస్తున్న క్రెడిట్ పనితోనే సమకూరుతుంది.