పంటి గాటుకు పదివేలు నిజమేనా? అపార్ట్‌మెంట్‌లో పెంపుడు కుక్క కరిస్తే పరిహారం

పై ఫ్లోర్ వాళ్ల కుక్క మీ అమ్మగారిని కరిచిందని, ఓనరు ఇంజెక్షన్ల డబ్బు ఇచ్చి వదిలించుకోవాలని చూస్తున్నాడని, పంటి గాటుకు పదివేలు అడగొచ్చా అని రాశారు.

ముందు ఆ పదివేల సంగతి. అది 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇచ్చిన తీర్పు. వీధి కుక్కలు, పశువుల వల్ల దెబ్బ తగిలిన వాళ్లకి ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము లెక్క అది: ఒక్కో పంటి గాటుకి కనీసం రూ.10,000, కండ ఊడొస్తే ప్రతి 0.2 సెం.మీ.కి కనీసం రూ.20,000. ఆ లెక్క ఆ రెండు రాష్ట్రాలకీ చండీగఢ్‌కీ చెందింది. వాట్సాప్‌లో మాత్రం దేశమంతా తిరుగుతోంది. దాన్ని పట్టుకెళ్లి పై ఫ్లోర్ ఆయన్ని అడిగితే ఆయన లాయరు నవ్వి ఊరుకుంటాడు.

పెంపుడు కుక్క విషయంలో మనకి అలాంటి రేట్లేం లేవు. ఓనరు నిర్లక్ష్యం ఏంటో, మీకు జరిగిన నష్టం ఎంతో మీరే చూపించుకోవాలి. అందుకని మొదటి వారంలో ఏ కాగితాలు పోగేశారన్నదాని మీదే అంతా ఉంటుంది.

గుంటూరులో మా నాన్నకి ఇలాగే జరిగింది. లిఫ్ట్ తలుపు తీసుకోగానే ఎదురింటి జర్మన్ షెపర్డ్ గొలుసు లేకుండా బయటికొచ్చి పిక్క పట్టేసింది. సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద పావుగంట కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాం. గాయం లోతుగా ఉందని రేబిస్ వ్యాక్సిన్‌తో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల మందు) కూడా గాయం చుట్టూ ఎక్కించారు. డ్యూటీ డాక్టరు చీటీ మీద ‘డాగ్ బైట్’ అని రెండే ముక్కలు రాసి ఇచ్చారు. మా తమ్ముడు అక్కడే నిలబడి, పెంపుడు కుక్క అని, ఏ ఫ్లాట్ వాళ్లదో, ఎన్నింటికి కరిచిందో రాయించి, ఎం.ఎల్.సి. (పోలీసు కేసుకి పనికొచ్చేలా ఆస్పత్రి చేసే మెడికో-లీగల్ నమోదు) కూడా చేయించాడు. తర్వాత ఓనరు ‘అది వీధి కుక్కేమో’ అని తిప్పబోతే ఆ చీటీయే నోరు మూయించింది. చిరిగిన లుంగీ ఉతక్కుండా కవర్లో పెట్టాం. లిఫ్ట్ దగ్గర సీసీ కెమెరా ఫుటేజీ కొన్ని రోజులకి చెరిగిపోతుంది కాబట్టి అసోసియేషన్‌కి రాతపూర్వకంగా అడిగి ఆ రాత్రే తీసుకున్నాం. మీరూ ఈ రోజే అడగండి. కోర్టుకి ఇవ్వాల్సొస్తే దానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఆ రికార్డింగు ఎక్కడిదో ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి.

స్టేషన్లో ‘కుక్క కరిస్తే కేసేంటండీ, ఇరుగుపొరుగు వాళ్లు, మాట్లాడుకోండి’ అన్నారు. మీకూ అదే అంటారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 సరిగ్గా ఇలాంటి దానికే ఉంది: పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమే. కట్టకపోతే ఫిర్యాదు ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. ఆ జరిమానా మీ చేతికి వస్తుందని మాత్రం లెక్కేసుకోకండి. ఎఫ్.ఐ.ఆర్. ఉంటే అవతలివాళ్లు కూర్చుని మాట్లాడతారు, అంతే.

అసలు కరవకపోయినా బాధ్యత తప్పదు. 2023 జనవరిలో బంజారా హిల్స్‌లో డెలివరీకి వెళ్లిన కుర్రాడు కుక్క మీదికొస్తే భయంతో మూడో అంతస్తు మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు, ఓనరు మీద కేసు పెట్టారు.

ఇక బోర్డు. మా ఎదురాయన ‘తలుపు మీద కుక్క ఉంది జాగ్రత్త అని రాసే ఉందిగా’ అన్నాడు. మా లాయరుగారు హాయిగా ఆ బోర్డు ఫోటో తీసుకున్నారు. కుక్క మీద పడుతుందని ఆయనకి ముందే తెలుసని ఆ బోర్డే చెబుతోంది కదా! పైగా లిఫ్ట్ దగ్గర నడవటం మన హక్కు.

డబ్బు మాట. చర్మంలోకి ఇచ్చే వ్యాక్సిన్ అయితే 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. ఆ చివరి డోసు అయ్యి, గాయం మానేదాకా ‘ఇక ఏ అభ్యంతరం లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఈలోపు ఖర్చులకి ఆయనిస్తే తీసుకుని, ఎందుకు తీసుకున్నారో రాసివ్వండి. మందుల బిల్లులు, ఆటో ఖర్చులు సరే, నాన్నది చిన్న కొట్టు. మూసిన రోజుల నష్టానికి అంతకు ముందు నెలల ఫోన్‌పే స్టేట్‌మెంట్ పెట్టాం. అమ్మగారు ఇంట్లోనే ఉంటారు కాబట్టి నష్టమేముంది అంటారు. వంటకి, పనికి మనిషిని పెట్టుకుంటే ఆ జీతం రాసుకోండి. రోడ్డు ప్రమాదాల కేసుల్లో గృహిణి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

ముందు లాయరు నోటీసు, తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ, అంటే దావా వేయకముందే రాజీ కోసం లోక్ అదాలత్‌కి పెట్టుకునే అర్జీ. కోర్టు ఫీజు ఉండదు. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, అమ్మగారి పేరు మీదే వేయండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కుదరకపోతే సివిల్ దావా ఎటూ ఉంది. మాకు అక్కడే తేలింది, అడిగినదాంట్లో సగానికి కాస్త పైన వచ్చింది. దావా వేస్తే ఇంకా వచ్చేదేమో, కానీ నాన్నకి ఆ ఓపిక లేదు.

కుక్కని వదిలేయమని మాత్రం పట్టుబట్టకండి. అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ గొడవలో మీ పరిహారం పక్కకి పోతుంది. గొలుసు లేకుండా బయటికి తీసుకురానని రాజీ కాగితంలో రాయించండి. అలాగే కుక్కకి బీమా ఉందేమో ఆయన్ని అడగండి. కొన్ని పాలసీల్లో ఇతరులకి జరిగిన నష్టం కూడా కవరవుతుంది, సొంత జేబులోంచి కాదంటే బేరం తొందరగా తెగుతుంది.