ఫాఫ్సాలో మన టాక్స్ వివరాలు ఇవ్వాలా? జార్జియా నుంచి ఒక నాన్న ప్రశ్న

ప్రశ్న: మేం జార్జియాలో ఉంటాం. నాది హెచ్1బీ, ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి చాలా ఏళ్లైంది, గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. మా ఆవిడ హెచ్4, తనకి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, ఐటీఐఎన్ (టాక్స్ కోసం ఇచ్చే నంబర్) మాత్రమే ఉంది. పాప ఇక్కడే పుట్టింది, ఇప్పుడు 12లో ఉంది. స్కూల్లో ఫాఫ్సా (కాలేజీ చదువుకి ఫెడరల్ ఎయిడ్ అడిగే ఫారం) నింపమంటున్నారు, అందులో మా టాక్స్ వివరాలు ఐఆర్ఎస్ నుంచి తీసుకోడానికి ఒప్పుకోవాలట. ఒప్పుకుంటే గ్రీన్ కార్డ్‌కి ఏమైనా ఇబ్బందా? నాకు ఈ మార్చిలో లేఆఫ్ అయింది, కొత్త జాబ్‌లో జీతం బాగా తగ్గింది, కానీ వాళ్లు పాత జీతమే చూస్తారట కదా, ఇంక నింపి ఏం లాభం? హైదరాబాద్‌లో ఫ్లాట్, ఊళ్లో పొలంలో వాటా ఉన్నాయి, అవి చెప్పకపోతే ఏమవుతుంది? సేవింగ్స్‌లో ఉన్న 40 వేల డాలర్లు పాప పేరు మీదకి మార్చమని ఫ్రెండ్ అంటున్నాడు. పాపకి ఇవేవీ చెప్పలేదు. తనకి వేరే స్టేట్‌లో కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. ఇక్కడి స్టేట్ యూనివర్సిటీ మంచిదా, అదా? పాప ఫాఫ్సా అకౌంట్ నా ఫోన్‌తో నేనే ఓపెన్ చేసి పెట్టాను.

జవాబు: అన్నగారూ, ప్రతి ఏడాది అక్టోబర్ నుంచి జనవరి దాకా నాకు ఈ ఉత్తరమే వస్తుంది, ఊరు మారుతుంది, వీసా మారుతుంది, ఫ్లాట్ మియాపూర్ బదులు విజయవాడలో ఉంటుంది, అంతే తేడా. పైకి ఫారం గురించి అడుగుతారు గానీ లోపల ఉన్న భయం వేరు, మీ ఉత్తరంలో అది చివర్లో ఒక్క ముక్కలో వచ్చేసింది, "పాపకి ఇవేవీ చెప్పలేదు" అని. దాని దగ్గరికి వస్తాను. ముందు ఫారం సంగతి.

గ్రీన్ కార్డ్ భయం. ఫాఫ్సా పిల్ల అప్లికేషన్, మీది కాదు. పాప అమెరికన్ సిటిజన్, ఎయిడ్‌కి అర్హత చూసేది తన స్టేటస్ బట్టి, తల్లిదండ్రులది ఏ వీసా అని ఆ ఫారం అడగదు కూడా. వచ్చే గ్రాంట్ అయినా లోన్ అయినా పాప పేరు మీదే. ఇంక మీ టాక్స్ రిటర్న్ ఐఆర్ఎస్ దగ్గర ఇప్పటికే ఉంది, మీరే ఏటా పంపిస్తున్నారు, ఇప్పుడు మీరు ఒప్పుకునేది ఆ అంకెలు విద్యాశాఖకి నేరుగా వెళ్లడానికి. 2024-25 ఫారం నుంచి పద్ధతి ఇదే. ఒప్పుకోకపోతే మీరు అంకెలన్నీ చేత్తో టైప్ చేసినా సరే పాపకి ఫెడరల్ ఎయిడ్ రాదు, కాబట్టి ఆ ఒప్పుకోలు ఇవ్వాల్సిందే. అప్పటికీ మనసు ఒప్పకపోతే మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఈ ఒక్క ప్రశ్నే అడగండి, వాట్సాప్ గ్రూప్‌ని కాదు.

మీ ఆవిడ సంగతి సులువు. మీరిద్దరూ టాక్స్ జాయింట్‌గా ఫైల్ చేస్తుంటే ఇద్దరిలో ఒక్కరు అకౌంట్ తెరిచి ఒప్పుకుంటే చాలు, మీకు ఎస్ఎస్ఎన్ ఉంది కాబట్టి మీరే చెయ్యండి. విడివిడిగా ఫైల్ చేసే వాళ్లయితే ఇద్దరూ రావాలి. కానీ మన వాళ్లకి ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గర. మన ఇంటిపేర్లు, ఇనీషియల్స్, కొందరి పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో పడిపోయి ఇక్కడి కాగితాల్లో మొదటి పేరు బదులు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని రావడం, ఇవన్నీ తెలిసినవే కదా. అకౌంట్‌లో పేరు మీ సోషల్ సెక్యూరిటీ కార్డ్ మీద ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి, పాప మిమ్మల్ని ఫారంలోకి పిలిచేటప్పుడు కూడా అదే పేరు, అదే పుట్టిన తేదీ. స్కూల్ రికార్డుల్లో ఉన్న తేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి ఉన్న నాన్నలు కొంచెం ఆగి ఆ కార్డ్‌కి అప్లై చేసిన రోజు ఏది ఇచ్చారో చూసుకోండి.

ఇప్పుడు కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. పాప అకౌంట్ మీ ఫోన్ నంబర్‌తో మీరెందుకు తెరిచారు? ఆ అకౌంట్‌తో పెట్టేది పాప సంతకం, చట్టం దృష్టిలో అది తన చేతి సంతకమే. దాంట్లోనే తను రేపు లోన్ పేపర్ మీద సంతకం పెడుతుంది, పదేళ్ల తర్వాత ఎంత బాకీ ఉందో చూసుకునేది కూడా అక్కడే. ఎవరి అకౌంట్ వాళ్లే తెరవాలి, ఇంకొకళ్ల పేరుతో లాగిన్ అవ్వకూడదు, తల్లిదండ్రులైనా సరే. ఈ రోజే పాప పక్కన కూర్చుని ఫోన్ నంబర్, ఈమెయిల్, పాస్‌వర్డ్ అన్నీ తనవి పెట్టించండి. 17 ఏళ్ల పిల్ల కారు నడుపుతోంది కదా, ఒక పాస్‌వర్డ్ దాచుకోలేదా?

ఇంకోటి, ఫ్లాట్ చెప్పకపోతే ఏమవుతుందని అడిగారు. అన్నగారూ, టాక్స్ వివరాలు ఇస్తే గ్రీన్ కార్డ్ పోతుందేమో అని భయపడుతున్న మనిషి ఫెడరల్ ఫారంలో ఆస్తి దాచనా అని అదే ఉత్తరంలో అడగడం ఏంటి? నిజం చెప్తే మీకు ప్రమాదం లేదు, అబద్ధం చెప్తేనే ఉంది. తెలిసి తప్పు సమాచారం ఇస్తే 20 వేల డాలర్ల దాకా ఫైన్, జైలు, లేదా రెండూ అని ఉంది. పైగా మీరు ఇంకా గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నారు. వద్దు, ఆ ఆలోచనే వదిలెయ్యండి.

అసలు ఆ ఫ్లాట్ వల్ల అంత నష్టమేమీ లేదు, అది మీకు ఎవరూ చెప్పలేదు. మీరు ఉంటున్న ఇల్లు ఫాఫ్సాలో లెక్కలోకి రాదు, 401కే లాంటి రిటైర్మెంట్ డబ్బు రాదు, కార్లు రావు. వేరే ఇల్లు, ఫ్లాట్, స్థలం వస్తాయి, ఇండియాలో ఉన్నా సరే, కానీ ఈ రోజు విలువలోంచి దాని మీద ఉన్న లోన్ తీసేసి మిగిలిందే చెప్పాలి. అలా మిగిలిన దాంట్లో తల్లిదండ్రుల ఆస్తి అయితే గరిష్ఠంగా 5.64 శాతమే లెక్కకి వస్తుంది. అంటే నికరంగా లక్ష డాలర్ల ఆస్తి ఉంటే పాప ఇండెక్స్ నంబర్ (మీ ఇల్లు చదువుకి ఎంత పెట్టగలదని ఫారం కట్టే లెక్క, అది పెరిగితే ఎయిడ్ తగ్గుతుంది) పెరిగేది ఎక్కువలో ఎక్కువ 5,640. ఊళ్లో పొలం విషయంలో మాత్రం జాగ్రత్త, 2026-27 ఫారం నుంచి కుటుంబం పొలాన్ని లెక్కలోంచి తీసేశారని చాలామంది సంతోషంగా నాకు ఫార్వర్డ్ చేశారు, కానీ అది ఆ కుటుంబం కాపురం ఉంటున్న పొలానికి. మీరు జార్జియాలో ఉండి అక్కడ కౌలుకి ఇచ్చింది దాని కిందకి రాదు. ఇంకా మీ నాన్నగారి పేరు మీదే ఉంటే అది మీ ఆస్తి కాదు, చెప్పక్కర్లేదు. మీ అన్నదమ్ముల జాయింట్ అయితే మీ వాటా వరకు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల్లో డబ్బు, ఎఫ్‌డీలు కూడా చెప్పాలి, ఆ వడ్డీ ఇక్కడి టాక్స్‌లో చూపించారా లేదా అన్నది ముందు మీ టాక్స్ చూసే సీపీఏతో తేల్చుకోండి.

40 వేలు పాప పేరు మీదకి మార్చమన్న ఫ్రెండ్‌కి మంచి మనసే ఉండొచ్చు గానీ లెక్క తలకిందులు. పిల్ల పేరు మీద ఉన్న డబ్బులో 20 శాతం లెక్కలోకి తీసుకుంటారు, మీ పేరు మీద ఉంటే పైన చెప్పిన 5.64 శాతం. 40 వేలకి అక్కడ 8,000, ఇక్కడ 2,256. కదపకండి. టాక్స్‌లో పాపని డిపెండెంట్‌గా తీసేస్తే ఇండిపెండెంట్ అయిపోతుందని ఇంకో సలహా కూడా తిరుగుతూ ఉంటుంది, అదీ నిజం కాదు, ఫాఫ్సాలో ఇండిపెండెంట్ అంటే మామూలుగా 24 ఏళ్లు నిండాలి, లేదా పెళ్లి, మిలిటరీ, తల్లిదండ్రులు లేకపోవడం లాంటి కారణం ఉండాలి. మీ టాక్స్ ఫారంకి దానికి సంబంధం లేదు.

పాత జీతం అన్నారు. నిజమే, 2026-27 కి 2024 టాక్స్ చూస్తారు, అందులో మీ మంచి రోజుల జీతమే కనిపిస్తుంది. దాన్ని మీరు ఫారంలో మార్చలేరు, మార్చడానికి ప్రయత్నించకండి కూడా. ఫారం ఉన్నదున్నట్టు నింపి, తర్వాత పాప అప్లై చేసిన ప్రతి కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌కి విడిగా రాయాలి, మార్చిలో జాబ్ పోయింది, ఇప్పుడు జీతం ఇంత, ఇదిగో లేఆఫ్ లెటర్, ఇదిగో కొత్త పే స్టబ్‌లు అని. ఇలాంటి పరిస్థితి చూసి లెక్క మార్చే అధికారం చట్టం వాళ్లకే ఇచ్చింది. అందరూ మారుస్తారని చెప్పను గానీ అడగని వాళ్లకి మాత్రం మార్చరు. మన వాళ్లు ఇక్కడే ఆగిపోతారు, అడగడం నామోషీ అనుకుని. జాబ్ పోవడం మీ తప్పు కాదు, ఒక పేజీ ఉత్తరం, రెండు కాగితాలు, అంతే పని.

"ఇంక నింపి ఏం లాభం" అన్న దానికి కూడా చెప్పాలి. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి ఇచ్చే పెల్ గ్రాంట్ 7,395 డాలర్ల దాకా ఉంది, అది మీ ఆదాయానికి రాకపోవచ్చు. కానీ ఆదాయంతో పని లేకుండా పాప పేరు మీద ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, నాలుగేళ్లకి కలిపి 27 వేలు దొరుకుతుంది, దానికి ఫాఫ్సా ఉండి తీరాలి. కొన్ని కాలేజీలు మెరిట్ డబ్బుకి కూడా ఫాఫ్సా అడుగుతాయి. మీ స్టేట్‌లో హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌లకి ఇదే ఫారంతో అప్లై చెయ్యొచ్చు, వాటిలో మీ జీతం చూడనే చూడరు, పిల్ల మార్కులే చూస్తారు.

ఇప్పుడు కంప్యూటర్ సైన్స్, వేరే స్టేట్. రెండిటినీ పోల్చి చెప్పమన్నారు, కానీ దానికన్నా ముందు నా మనసులో మాట చెప్తాను. పేరున్న అవుట్ ఆఫ్ స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీలో సీఎస్ అనేది మన ఇళ్లలో ఈ పదేళ్లలో ఒక పట్టుదల అయిపోయింది, పుట్టినరోజు పార్టీల్లో ఎవరి పిల్లాడు ఎక్కడ అనే మాటతోనే సగం టైం గడుస్తుంది. నాకు దీని మీద అనుమానాలు ఉన్నాయి, దాచుకోను. పబ్లిక్ యూనివర్సిటీలు తమ గ్రాంట్ డబ్బు ఎక్కువగా తమ స్టేట్ పిల్లలకే ఉంచుకుంటాయి, బయటి పిల్లలు పూర్తి ఫీజు కడతారనే వాళ్లని తీసుకుంటాయి. అంటే ఏటా పెద్ద మొత్తం ఎక్కడి నుంచో రావాలి. ఎక్కడి నుంచి? పాపకి దొరికేది ఆ 5,500. పేరెంట్ ప్లస్ లోన్ అని ఒకటుంది, కానీ అది తీసుకునే తల్లి లేదా తండ్రి సిటిజనో గ్రీన్ కార్డ్ హోల్డరో అయి ఉండాలి, హెచ్1బీ మీద మీకు రాదు. 2026 జూలై నుంచి దానికి కూడా ఏడాదికి 20 వేల పరిమితి పెట్టారు. ఇంక మిగిలింది ప్రైవేట్ లోన్, దానికి కోసైనర్, అంటే హామీ సంతకం పెట్టే మనిషి కావాలి, చాలా మంది లెండర్లు కోసైనర్‌కి కూడా సిటిజన్‌షిప్ లేదా గ్రీన్ కార్డ్ అడుగుతారు. అప్పుడు మీరు సిటిజన్ అయిన బావమరిది ఇంటికి వెళ్లి సంతకం అడగాలి. నేను చూశాను ఈ సంతకాలు, రెండేళ్లకి రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేసిన సందర్భం కూడా చూశాను.

దానికి తోడు మీది వీసా మీద ఆధారపడిన జీతం. ఈ మార్చిలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, జాబ్ పోయాక వీసా మీద ఉండనిచ్చే 60 రోజుల గడువుని మీరు ఎలా గడిపారో మీకే తెలుసు. అదే రంగంలోకి, అదే జాబ్ మార్కెట్‌లోకి అప్పుతో పిల్లని పంపుతున్నారు. సీఎస్ చదవొద్దని అనడం లేదు, పాపకి నిజంగా ఇష్టమైతే చక్కగా చదవాలి, కానీ సీఎస్ జార్జియాలో కూడా ఉంది, జార్జియా టెక్‌కి దేశం నలుమూలల నుంచి పిల్లలు పూర్తి ఫీజు కట్టి వస్తుంటే మన ఇంటి పక్కన ఉన్న పిల్ల దాన్ని వదిలి వెళ్లడం చూసి నాకు బాధేస్తుంది. జెల్ మిల్లర్‌కి 3.7 హోప్ జీపీఏ, శాట్‌లో 1200 కావాలి, తర్వాత కాలేజీలో 3.3 నిలుపుకుంటే స్టేట్ పబ్లిక్ కాలేజీల్లో ట్యూషన్ కవర్ అవుతుంది, మీకు హాస్టల్, తిండి, ఫీజులు, పుస్తకాలు మిగులుతాయి. టెక్‌లో సీటు గ్యారంటీ ఏం కాదు, అందుకే స్టేట్‌లో ఇంకో రెండు కాలేజీలకి కూడా అప్లై చేయించండి. పోలిక ఇంతే, ఇంకా వివరంగా అంటే రెండు వైపుల నుంచీ ఆఫర్ లెటర్లు వచ్చాకే చెప్పగలను. ప్రైవేట్ కాలేజీ ఏదైనా లిస్ట్‌లో ఉంటే సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఇంకో ఫారం అడగొచ్చు, అందులో మీరు ఉంటున్న ఇంటి సంగతి కూడా చెప్పాలి.

ఇంక పాప సంగతి. ఐఆర్ఎస్ నుంచి వచ్చే టాక్స్ అంకెలు ఫారంలో పాపకి కనిపించవు, మీకూ కనిపించవు, అది మీకు కొంచెం ఊరటగా ఉండొచ్చు. కానీ ఆ ఊరటతో ఆగిపోకండి దయచేసి. మీరు దాస్తోంది ఐఆర్ఎస్ నుంచి కాదు, పాప నుంచి. లేఆఫ్ అయిన సంగతి తనకి తెలీదనుకుంటున్నారా? మార్చిలో నాన్న రోజంతా ఇంట్లో ఎందుకు ఉన్నాడో, అమ్మ ఎందుకు మెల్లగా మాట్లాడిందో 17 ఏళ్ల పిల్లకి తెలీకుండా ఉంటుందా? తనకి తెలీనిది అంకె ఒక్కటే. అది తెలీక తను ఏం చేస్తోందంటే డ్రీమ్ కాలేజీ లిస్ట్ రాస్తోంది, ఎస్సేలు రాస్తోంది, ఏప్రిల్‌లో సీటొచ్చి స్వెట్‌షర్ట్ కొనుక్కున్నాక మీరు "కుదరదమ్మా" అంటారు. ఆ ఏప్రిల్ మాట విన్న పిల్లలు కొందరు నా ముందు కూర్చుని ఏడ్చారు, వాళ్లలో ఒక్కరు కూడా డబ్బు లేదని ఏడవలేదు, ముందే ఎందుకు చెప్పలేదు అనే ఏడ్చారు.

మీ అమ్మానాన్నలు మీకు జీతం చెప్పలేదు, మా వాళ్లూ నాకు చెప్పలేదు. కానీ వాళ్లు మనతో లక్ష డాలర్ల కాగితం మీద సంతకం పెట్టించలేదు కదా. ఈ ఆదివారం మీ ఆవిడని, పాపని కూర్చోబెట్టి మూడు అంకెలు చెప్పండి: నెలకి ఎంత వస్తుంది, చదువుకని ఎంత దాచారు, ఏడాదికి ఎంత పెట్టగలరు. ఇండియాకి పంపేది కూడా చెప్పండి, నానమ్మ మందులకి ఎంతవుతుందో తెలిస్తే పిల్లలు కోప్పడరు. మీరు 40 వేలు దాచారు, వీసా మీద ఉండి, లేఆఫ్ దాటి, అది తక్కువేం కాదు, తలదించుకునే విషయం అసలే కాదు.

ఆ తర్వాత తన ఫోన్‌తో తన అకౌంట్‌లోంచి మిమ్మల్ని పేరెంట్‌గా ఇన్వైట్ చెయ్యమనండి, మీ సోషల్ సెక్యూరిటీ కార్డ్ పక్కన పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో కాలేజీల నుంచి ఎయిడ్ లెటర్లు వస్తాయి, వాటిలో గ్రాంట్, స్కాలర్‌షిప్ అని ఉన్న లైన్లు ఒక పక్క, లోన్, వర్క్ స్టడీ (చదువుతూ పని చేసి సంపాదించుకునేది) అని ఉన్నవి ఇంకో పక్క పాప చేతే రాయించి నాకు పంపండి, అప్పుడు మీరడిగిన ఆ పోలిక అంకెలతో కూర్చుని చేద్దాం.