సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తే ఇంజిన్ విప్పించే ముందు ఏం చూడాలి?

ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారు, పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, డబ్బాలో కూలెంట్ తగ్గిపోతోంది, మెకానిక్ ఏమో 'రింగులు పోయాయి, ఇంజిన్ బోర్ చేయించాలి' అంటున్నాడు, పై వారం కుటుంబంతో తిరుపతి వెళ్లొచ్చా అని అడిగారు. ఇంజిన్ పనికి ఇప్పుడే ఒప్పుకోకండి. పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి రింగులు. అవి అరిగితే కాలేది ఆయిల్. ఆ పొగ నీలంగా ఉంటుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పడిపోతుంది. మీకు తగ్గుతున్నది కూలెంట్ కదా. అదెటు పోతోందో ముందు తేలాలి.

మామూలు ఆవిరి అయితే భయం లేదు. లీటరు పెట్రోల్ కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు పుట్టి ఆవిరిగా బయటికొస్తాయి. చలికాలం పొద్దున అదే తెల్లగా కనిపిస్తుంది, సైలెన్సర్ చివర నుంచి చుక్కలు కూడా పడతాయి. గొట్టం దాటగానే గాల్లో కలిసిపోతుంది, బండి వేడెక్కాక ఆగిపోతుంది. కూలెంట్ కాలిన పొగ అలా పోదు. చిక్కగా, బండి వెనకాల చాలాసేపు నిలిచి ఉంటుంది, ఇంజిన్ వేడెక్కినా వస్తూనే ఉంటుంది, కాస్త తియ్యటి వాసన వేస్తుంది. వాసన చూడాలని గొట్టం దగ్గర మొహం పెట్టకండి, షెడ్డు మూసి ఇంజిన్ ఆన్‌లో ఉంచకండి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

విజయవాడలో ఉన్నప్పుడు నా పెట్రోల్ బండికి సరిగ్గా ఇదే వచ్చింది. మే నెల ఎండలో, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాన్ తిరగక ఇంజిన్ బాగా హీట్ అయింది. ఫ్యాన్ మార్పించాం. కొన్నాళ్లకు పొగ మొదలైంది. మొదట చూపించిన గ్యారేజీలో నాకూ రింగులనే చెప్పారు. నేను ఒప్పుకోకుండా కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూశాను. మట్టం గీత కిందికి దిగుతూనే ఉంది. బండి కింద చుక్క లేదు, హోస్ పైపుల దగ్గర తడి లేదు, లోపల ముందు సీటు కార్పెట్ పొడిగానే ఉంది. బయట ఎక్కడా కారనప్పుడు లోపలే కాలుతున్నట్టు లెక్క.

మీరూ ఈ మూడు చోట్లూ చూడండి. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే పాల టీ రంగు జిడ్డు ఉండొచ్చు. దాన్ని చూసి మాత్రమే నిర్ణయానికి రావద్దు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి చలికాలంలో మూత కింద కొంచెం అలా పట్టడం మామూలే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా అదే రంగులో ఉంటే మాత్రం కూలెంట్ కలిసినట్టే, ఇక ఆ బండి స్టార్ట్ చేయొద్దు. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకండి. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణమే ఎగిసి మొహం, చేతులు కాలుతాయి.

నా బండి విషయం తేల్చింది బ్లాక్ టెస్ట్. ఒక గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి రేడియేటర్ మూతి మీద పెడతారు. ఇంజిన్ నడుస్తుండగా లోపలి గాలిని అందులోంచి లాగుతారు. కాలిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ద్రవం పసుపు రంగుకు మారుతుంది. నాది మారింది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఒకటి తెల్లగా శుభ్రంగా ఉంది, మిగతావి మామూలు గోధుమ రంగులో ఉన్నాయి. ఆ సిలిండర్ దగ్గరే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని పైన బిగించే హెడ్‌కీ మధ్య ఉండే సీలు పొర) కాలిపోయింది. మీ మెకానిక్‌ని బ్లాక్ టెస్ట్, కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్ట్, కంప్రెషన్ టెస్ట్ చేయమని అడగండి. ఈ పరికరాలు లేవంటే అవి ఉన్న చోటికి వెళ్లండి. ఇంజిన్ విప్పే ఖర్చు ముందు ఈ టెస్టుల ఖర్చు చాలా తక్కువ.

గ్యాస్కెట్ అని తేలితే పని ఎలా చేస్తారన్నది చాలా ముఖ్యం. ఉత్త గ్యాస్కెట్ మార్చి బిగించేస్తే మళ్లీ పోతుంది. హీట్ అయిన అల్యూమినియం హెడ్ వంకరపోతుంది. నాది ఆటోనగర్‌లో లేత్ షాపుకి పంపి, పగుళ్లున్నాయేమో ప్రెషర్ టెస్ట్ చేయించి, ఫేసింగ్ (అడుగు భాగాన్ని చదునుగా చెక్కడం) చేయించాం. ఎంత వంకర దాకా ఫరవాలేదన్నది ఆ ఇంజిన్ మాన్యువల్లో ఉంటుంది, అది మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువే ఉండటం మామూలు. కొన్ని ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒక్కసారి బిగించడానికే పనికొస్తాయి, కాబట్టి కొత్తవి అడగండి. ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్లో చెప్పిన వరుసలో బిగించాలి. ఆయిల్, ఫిల్టర్ తప్పకుండా మార్చాలి. అసలు హీట్ ఎందుకైందో కూడా పట్టుకోవాలి: ఫ్యాన్, థర్మోస్టాట్, వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్. మన దగ్గర బోరు నీళ్లు పోసే అలవాటు ఎక్కువ. ఆ నీళ్లలోని ఉప్పులు లోపల గార కట్టి దారులు మూసేస్తాయి. ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ పోయండి, లేదా చిక్కటి కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలపండి. పాత కూలెంట్ రోడ్డు మీద వదలనివ్వకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం.

లీకు ఆపే పొడి, ద్రవం అమ్ముతారు. నేనైతే వాడను. చిన్న చిల్లుతో పాటు రేడియేటర్ సన్న గొట్టాలనూ మూసేస్తుంది.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, అక్కడ వేరే కారణాలూ ఉంటాయి. కళ్లు మండే, డీజిల్ వాసన వేసే తెల్ల పొగ అంటే ఇంధనం సరిగ్గా కాలట్లేదని. గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేలా లోపల వేడి పుట్టించేవి), ఇంజెక్టర్లు చూపించండి. కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌తో పాటు ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) కూడా చూడమనండి.

ఇక తిరుపతి సంగతి. ఈ బండిలో వద్దండి, రైలో బస్సో చూసుకోండి. కూలెంట్ సిలిండర్‌లో నిండి ఉండగా సెల్ఫ్ కొడితే పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాల్సి వస్తుంది. గ్యారేజీకి కూడా నడపకుండా టోయింగ్ బండి మీద పంపండి. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీ కాగితం తీసి చూడండి. బ్లాక్ టెస్ట్‌లో రంగు మారిందో లేదో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి తర్వాతి పని చెప్తాను.